చదరపు మైలుకి ఎంతమంది

"ఎంతమంది కనిపించారు?" అన్నాడు కర్టిస్, పలకరింపన్నది లేకుండా. కారు స్పీకర్లోంచి అతని గొంతు అత్తాకోడళ్ళిద్దరికీ వినపడుతోంది.

బెర్నడెట్ అప్పుడు లాస్ ఏంజెలెస్‌లో షెర్మన్ వే రోడ్డు మీద ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగి ఉంది. పక్కన అత్తగారు ఎలోయిస్, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఏసీ గాలి తన తుంటికి తగులుతోందని మూడోసారి సణుగుతోంది. వెనక సీట్లో కర్టిస్ కోటు, లాండ్రీ కవరు తొడుక్కుని, మూడో ప్రయాణికుడిలా వేలాడుతోంది.

"ఎవరు కనిపించడం?"

"నడిచేవాళ్ళు బెర్నీ! మొన్న చెప్పాగా. రెసీడా నుంచి టార్జానా దాకా రోడ్డు పక్కన ఎంతమంది నడుస్తున్నారో లెక్క రాయమని. పుస్తకం కూడా నీ ముందే పెట్టాను."

"బండి నడుపుతున్నాను కర్టిస్."

"సిగ్నల్ దగ్గర ఆగుతావుగా, అప్పుడు రాయి. అదేమన్నా పెద్ద పనా?"

నలుగురు కనిపించారు. ఒకాయన కుక్కని నడిపిస్తున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు బడి ఎగ్గొట్టి తిరుగుతున్నారు. ఒకామె ఎండకి గొడుగు వేసుకుని బస్సు కోసం నిలబడింది. నిలబడ్డ మనిషి నడిచేవాళ్ళ లెక్కలోకి వస్తుందా అని అడిగితే పావుగంట ఉపన్యాసం తప్పదు. అందుకని బెర్నడెట్ నాలుగు అని రాసి పడేసింది. ఆకుపచ్చ దీపం వెలిగిన అరక్షణానికే వెనక వాడు హారన్ కొట్టాడు.

"చిన్నప్పుడూ అంతే వాడు," అంది ఎలోయిస్. "పెరట్లో చీమలెన్నున్నాయో లెక్క రాసేవాడు. పుట్ట తవ్వి చీమలు కుట్టించుకునేది మాత్రం వాళ్ళ చెల్లెలు."

కర్టిస్ నగరాల ప్రణాళికలు వేసే ఒక సంస్థలో సలహాదారు. ఏడాదిన్నరగా అతనికి ఒకటే యావ. లాస్ ఏంజెలెస్ నగరమే కాదని, పొరపాటున పెద్దదైపోయిన పల్లె అని తూర్పు తీరం వాళ్ళు వెక్కిరిస్తారు కదా, అది తప్పని నిరూపించాలి. అందులోనూ ఫిలడెల్ఫియాతో పోల్చి నిరూపించాలి. ఎందుకంటే అది భార్య పుట్టి పెరిగిన ఊరు, తను పదేళ్ళు కాపురం చేసిన ఊరు. భోజనాల దగ్గర, పళ్ళు తోముకుంటున్నప్పుడు, ఆఖరికి ఆమె జ్వరంతో పడుకుని ఉన్నప్పుడు కూడా అదే మాట. "చుట్టుపక్కల శివార్లన్నీ కలిపి చూడు బెర్నీ. ఇక్కడ చదరపు మైలుకి ఏడు వేలమంది. మీ ఊళ్ళో మూడు వేలు కూడా లేరు. ఏది కిక్కిరిసిన నగరం?"

"శివార్లు ఎందుకు కలపడం? మా వీధిలో..."

"అదిగో, మళ్ళీ మీ వీధి. ఊరి పొలిమేర వరకే గీత గీస్తే మీది ఎక్కువ, నిజమే. కానీ గీత ఎక్కడ గీయాలో శాస్త్రం చెప్తుంది. నీకు అనిపించడం వేరు, ఉండటం వేరు."

అనిపించడం వేరు, ఉండటం వేరు. ఈ మాట అతను ఎన్నిసార్లు అన్నాడో ఎవరైనా లెక్క రాస్తే బాగుండు అనుకునేది బెర్నడెట్. అలసటగా ఉందంటే, "అలా అనిపిస్తుందంతే, నువ్వు కూర్చునేగా నడుపుతావు." ఒంటరిగా ఉందంటే, "కోటీ ముప్ఫై లక్షలమంది మధ్య ఒంటరితనం ఏంటి?" ఈ ఊరికి రెండేళ్ళ కోసం వచ్చామనుకున్నాను, అయిదేళ్ళు దాటిపోయిందంటే, "టైమ్ అలా అనిపిస్తుంది."

దక్షిణ ఫిలడెల్ఫియాలో వాళ్ళది పదిహేనడుగుల వెడల్పు ఇల్లు. అటు గోడ ఒకరిది, ఇటు గోడ ఇంకొకరిది, వీధి మొత్తం ఒకే రైలు పెట్టెలా ఉండేది. అక్కడ బెర్నడెట్ లైబ్రరీలో పిల్లల విభాగం చూసేది. ఇంట్లోంచి లైబ్రరీకి నడిచి పదకొండు నిమిషాలు. దారిలో రొట్టెల కొట్టు, చేపల కొట్టు, కూతురు టెస్ బడి, చెప్పులు కుట్టేవాడు, తిట్టుకుంటూనే అప్పిచ్చే మందుల షాపు. పొద్దున టెస్ చెయ్యి వదిలిపెట్టి, సాయంత్రం పట్టుకుని, మధ్యలో తన ఉద్యోగం తను చేసుకుని, వచ్చేటప్పుడు సంచి నింపుకుని ఇల్లు చేరేసరికి పదిమందితో మాట్లాడి ఉండేది. ఆ పదిమందిలో ఆరుగురితో పేచీ. కారు పెట్టుకునే జాగా కోసం వంటింటి కుర్చీ రోడ్డు మీద వేసి, అది జరిపిన వాడి ఏడు తరాల్నీ దులిపే ఊరు అది. వంటపని, ఇంటిపని అక్కడా తనదే. కర్టిస్ అక్కడా కాఫీ కప్పు సింకు దాకా తెచ్చిన పాపాన పోలేదు. కానీ అక్కడ ఆ పనుల మధ్య కాస్త తను కూడా ఉండేది.

ఇక్కడ తను లేదు, స్టీరింగు ఉంది. మామగారు పోయాక, ఎలోయిస్ తుంటి విరిగాక, "అమ్మని చూసుకోవాలి" అన్నాడు కర్టిస్. చూసుకోవాలి అన్న క్రియకి కర్త ఎవరో ఆ వాక్యంలో లేదు. వచ్చిన వారానికే తెలిసింది. ఎలోయిస్‌ని వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి, ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. టెస్‌ని బడికి, బడి నుంచి నార్త్‌రిడ్జ్‌లో ఈత కొలనుకి, కొలను నుంచి ఇంటికి. కూరగాయలు ఒక దిక్కు, మందులు ఒక దిక్కు. ఇక్కడి లైబ్రరీలో పూటపని ఇస్తామన్నారు గానీ, రెండింటికి ఎలోయిస్‌ని, మూడింటికి టెస్‌ని ఎక్కించుకోవాల్సిన మనిషికి పూట ఎక్కడ మిగులుతుంది? మూడు నెలలు చేసి మానేసింది. మానేసిన రోజు కర్టిస్ ఆమె భుజం తట్టి, "పోన్లే, ఇక నువ్వు హాయిగా ఇంట్లో ఉండొచ్చు" అన్నాడు. ఇంట్లో! రోజుకి నాలుగు గంటలు ఫ్రీవే మీద, ఎండకి సన్ వైజర్ దించుకుని, ముందు కారు వెనక అంటించిన స్టిక్కర్లు చదువుకుంటూ గడిపే మనిషిని పట్టుకుని ఇంట్లో అంటాడు.

యెవెట్ ఫోన్ చేసింది ఆ నడిచేవాళ్ళ లెక్క రాసిన రోజే, మంగళవారం. ఫిలడెల్ఫియాలో బెర్నడెట్ పై అధికారి ఆవిడ. ఎలోయిస్ లోపల వ్యాయామాలు చేస్తుంటే బెర్నడెట్ పార్కింగ్‌లో, కిటికీలు దించిన కారులో కూర్చుని ఉంది.

"పిల్లల విభాగం ఖాళీ అవుతోంది బెర్నీ. మొత్తం విభాగానికి పెద్ద. నువ్వు వస్తానంటే ప్రకటన వెయ్యకముందే నీ పేరు పైకి పంపిస్తా. సోమవారంలోగా చెప్పాలి."

"నేను మానేసి అయిదేళ్ళయింది."

"నువ్వు కథ చెప్తుంటే వచ్చిన పిల్లలు ఇప్పుడు మీసాలేసుకుని వచ్చి నువ్వెక్కడని అడుగుతున్నారు. ఆ మాత్రం చాలదా?"

బెర్నడెట్ ఫోను పెట్టేసింది. ఎండలో కారు పెనంలా కాలుతోంది. అయినా ఆమెకి కిటికీ ఎత్తి ఏసీ వెయ్యాలని తోచలేదు.

శుక్రవారం సాయంత్రం కర్టిస్ చొక్కా ఇస్త్రీ చేస్తూ చెప్పింది. మర్నాడే అతని ఉపన్యాసం. ఏడాదిన్నర పని ఊళ్ళో పెద్దల ముందు పెట్టబోతున్నాడు. అద్దం ముందు నిలబడి చేతులు ఎలా ఊపాలో చూసుకుంటున్నాడు.

"యెవెట్ ఫోన్ చేసింది. ఉద్యోగం ఉందట."

"ఏ యెవెట్? ఆ ఆకుపచ్చ కళ్ళజోడా?" అని, అద్దంలోనే ఆమె వైపు చూశాడు. "బెర్నీ, రేపు నాకెంత ముఖ్యమో తెలుసుగా. ఇవాళే చెప్పాలా ఇది?"

"సోమవారంలోగా చెప్పాలి."

"ఆదివారం మాట్లాడుకుందాం. నువ్వు అడిగావు, నేను కాదనలేదుగా? ఆలోచిద్దాం. అన్నట్టు ఆ కాలరు ఇంకోసారి నొక్కు, ముడత పోలేదు."

కాలరు నొక్కింది. నువ్వు అడిగావు, అన్నాడు. నిజానికి ఆమె అడగలేదు, చెప్పింది. కానీ చెప్పింది కూడా అడిగినట్టే వినపడే చెవులు కొందరికి పుట్టుకతోనే వస్తాయి కాబోలు.

శనివారం మధ్యాహ్నం అందరినీ డౌన్‌టౌన్‌కి ఎక్కించుకెళ్ళింది కూడా ఆమే. కర్టిస్ దారంతా కాగితాలు చదువుకున్నాడు. హాల్లో ఒక వందమంది ఉంటారు. ముందు వరసలో ఎలోయిస్, పదిహేనేళ్ళ టెస్, చివర్న బెర్నడెట్ కూర్చున్నారు.

కర్టిస్ బాగా మాట్లాడతాడు, అది ఒప్పుకోవాలి. రంగురంగుల పటాలు చూపించాడు. ఇక్కడ అపార్టుమెంట్లలో ఎంత ఒత్తుగా ఉంటారో, చిన్న చిన్న ఇళ్ళలో ఎన్నెన్ని కుటుంబాలు సర్దుకుంటాయో చెప్పాడు. షెర్మన్ వే లెక్క కూడా తెర మీదికి వచ్చింది. 'క్షేత్ర పరిశీలన' అని పెద్ద అక్షరాలతో రాసుంది. పరిశీలించిందెవరో లేదు. పక్కపక్కనే రెండు గడులుండాలి నిజానికి. నడిచేవాళ్ళ లెక్క పక్కన ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంతసేపు పట్టిందో కూడా ప్రతిరోజూ రాసి ఇచ్చింది బెర్నడెట్. ఆ గడి కత్తిరించేశాడు.

తర్వాత ఫిలడెల్ఫియా ఫోటో వచ్చింది. వాళ్ళ పాత వీధి. ఇళ్ళ ముందు పాలరాతి మెట్లు, మెట్ల మీద మనుషులు.

"ఇక్కడే మనం మోసపోతాం," అన్నాడు కర్టిస్ నవ్వుతూ. "ఇది చూడగానే అబ్బ, ఎంత నగరంలా ఉంది అనిపిస్తుంది. అనిపించడం! మా ఆవిడనే తీసుకోండి. ఆవిడ దృష్టిలో నగరమంటే ఏమిటో తెలుసా? గోడ అవతల ముసలావిడ దగ్గితే ఇవతల మనకి వినపడాలి. పదేళ్ళు ఆ దగ్గు విన్నాక నేను కాలిఫోర్నియాకి పారిపోయి వచ్చేశాను."

హాలంతా నవ్వింది. ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి బెర్నడెట్‌ని వెతికారు కూడా, ఆవిడేనా అన్నట్టు.

ఆ దగ్గు పక్కింటి కాన్‌చెట్టాది. టెస్‌కి అయిదేళ్ళప్పుడు, ఫిబ్రవరిలో, బయట మోకాళ్ళెత్తు మంచు పడిన మధ్యాహ్నం, బెర్నడెట్ స్నానాలగదిలో పడిపోయింది. నాలుగో నెల. కర్టిస్ డెన్వర్‌లో ఏదో సదస్సులో ఉన్నాడు. ఫోను కింద వంటింట్లో ఉంది. లేవలేక, అరవడానికి గొంతు రాక, చేతికందిన తలదువ్వెనతో గోడ మీద కొట్టింది. మూడుసార్లు కొట్టిందో లేదో, అవతల దగ్గు ఆగింది. తర్వాత, ఆవిడ దగ్గరుండే తాళంచెవితో కింద తలుపు తెరుచుకున్న చప్పుడు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో నడిచి వచ్చింది డెబ్భై ఏళ్ళ మనిషి. ఎదురింటాయన కుర్చీ తన్నేసి కారు బయటికి తీశాడు. గోడ మీద కొట్టిన దగ్గర్నుంచి కారెక్కే దాకా ఏడెనిమిది నిమిషాలు పట్టి ఉంటుంది. బిడ్డ దక్కలేదు. తను దక్కింది. ఆ రోజు టెస్‌ని బడి నుంచి ఎవరు తీసుకొచ్చారో, ఎవరింట్లో పడుకోబెట్టారో, స్నానాలగది ఎవరు కడిగారో ఇప్పటికీ ఆమెకి సరిగ్గా తెలియదు. ఎవరూ చెప్పుకోలేదు. కర్టిస్ మర్నాడు వచ్చాడు. విమానం దొరకలేదన్నాడు.

ఇదంతా అతనికి తెలుసు. తెలిసే నవ్వించాడు.

బెర్నడెట్ తనకి కోపం వస్తుందనుకుంది, రాలేదు. అయిదేళ్ళుగా రోజూ కాస్త కాస్త వస్తూనే ఉంది కదా, ఇప్పుడు కొత్తగా రావడానికి ఏం మిగల్లేదు.

ప్రశ్నల సమయం వచ్చింది. వెనక వరసలోంచి ఒక లావుపాటి పెద్దావిడ లేచింది.

"నేను ఈ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళు బస్సు నడిపానండీ. మీ పటాలు బావున్నాయి. ఇంతమంది ఇంత దగ్గరగా ఉన్నారంటున్నారు, సరే. మరి మీ ఇంట్లోవాళ్ళు రోజూ పనుల మీద ఎన్ని మైళ్ళు తిరుగుతారు? నడిపేదెవరు?"

కర్టిస్ నవ్వాడు. "మా ఇంట్లో అన్నీ పంచుకుంటామండీ. నేనూ నడుపుతాను, మా ఆవిడా నడుపుతుంది. ఎవరికి వీలైతే వాళ్ళు."

అప్పుడు ముందు వరసలోంచి, మైకు లేకుండానే, ఎలోయిస్ గొంతు హాలు మొత్తానికీ వినపడింది.

"కర్టిస్! నా డాక్టరు ఏ వీధిలో ఉంటాడు?"

జనం నవ్వారు. తల్లీకొడుకుల సరసం అనుకున్నారు. కర్టిస్ కూడా నవ్వి, "అమ్మా, ఇప్పుడా?" అన్నాడు.

"చెప్పు నాయనా. చదరపు మైలుకి ఎంతమంది ఉన్నారో చెప్పావుగా. అందులో నా డాక్టరొక్కడు ఎక్కడున్నాడో చెప్పు."

"వెంచురా బులవార్డ్ మీద కదా..."

"ఆయన మీ నాన్న డాక్టరు. మీ నాన్న పోయి ఆరేళ్ళయింది."

ఈసారి నవ్వు వేరేలా మొదలై మధ్యలో ఆగిపోయింది. బస్సు నడిపిన ఆవిడ చేతులు కట్టుకుని ఇంకా నిలబడే ఉంది. కర్టిస్ తర్వాతి ప్రశ్న అన్నాడు. తర్వాత ఎవరేం అడిగారో బెర్నడెట్ వినలేదు. టెస్ తండ్రి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూడటం మాత్రం గమనించింది.

కర్టిస్ తన సహోద్యోగులతో కాస్త ఫలహారానికి ఆగాడు. వెళ్ళేముందు పార్కింగ్ దాకా వచ్చి, పళ్ళు నూరుతూ, "అమ్మకి నువ్వే చెప్పి పెట్టావా ఆ ప్రశ్న?" అన్నాడు.

"లేదు. మీ అమ్మకి ఆమాత్రం తెలివి ఉంది."

"నా పరువు పోయింది."

"అలా అనిపిస్తుందంతే," అంది బెర్నడెట్, కారు తలుపు వేసుకుంటూ.

ఫ్రీవే మీద కార్లు చీమల్లా పాకుతున్నాయి. ఎలోయిస్ అంది, "అమ్మాయ్, నన్ను మెచ్చుకోకు. నీ కోసం అనలేదు. నా కొడుకు నా ఎదురుగా నిలబడి అబద్ధమాడితే ఒళ్ళు మండింది. ఇవే రోడ్ల మీద నేనూ ముప్ఫై ఎనిమిదేళ్ళు తోలాను వీళ్ళందరినీ. తుంటి విరిగితే గానీ నన్నెవరూ ఈ పక్క సీట్లో కూర్చోబెట్టలేదు."

బెర్నడెట్ అద్దంలో టెస్‌ని చూసింది. తర్వాత ఉద్యోగం సంగతి చెప్పింది. మొత్తం, ఉన్నదున్నట్టు.

"వెళ్తే నన్నెవరు తీసుకెళ్తారు?" అంది ఎలోయిస్ వెంటనే.

"మీ అబ్బాయి."

"వాడా!" ఎలోయిస్ నవ్వింది. నవ్వి నవ్వి తుంటి పట్టుకుంది. "అయితే వాడికి ఆ వీధి పేరు కాగితం మీద రాసి పెట్టి వెళ్ళు."

"రాయను ఎలోయిస్. ఆయనే మిమ్మల్ని అడిగి తెలుసుకోవాలి."

"అదీ నిజమే," అని ఎలోయిస్ కిటికీ వైపు తిరిగింది.

ఇల్లు దగ్గర పడుతుండగా టెస్ ముందుకి వంగింది. "నేను రాలేనమ్మా," అంది. "నా ఈత జట్టు ఇక్కడుంది. నా ఫ్రెండ్స్ ఇక్కడున్నారు. ఆ వీధిలో నాకిప్పుడు ఎవరూ తెలియరు కూడా."

అది తగలాల్సిన చోటే తగిలింది. ఈ పిల్లకి ఊరంటే ఈ ఊరే. ఈ ఎండ, ఈ వెడల్పాటి రోడ్లు, దూరంగా గోధుమరంగు కొండలు. ఈ ఊరు చెడ్డదని టెస్‌తో ఎలా అంటుంది? ఊరు చెడ్డది కాదు. ఇందులో ఒక ఇంటి దూరాలన్నీ ఒక్క మనిషి నెత్తిన పెట్టడం చెడ్డది. గీత ఎక్కడ గీయాలో అయిదేళ్ళుగా కర్టిస్ ఒక్కడే చెప్పాడు. ఆ గీత లోపల కోటీ ముప్ఫై లక్షలమందిని లెక్కపెట్టాడు, తనని తప్ప.

"రాకు," అంది చివరికి. "సెలవులకి రా. చూడు. నచ్చితే ఉండు, లేకపోతే లేదు. నీ మీద కోపం రాదు నాకు."

"మరి నన్ను కొలనుకి..." అని, టెస్ తనే ఆగిపోయింది. కాసేపటికి, "బస్సుంది లే. రెండు మారాలి. చూసుకున్నానొకసారి" అంది.

ఇంటికి చేరేసరికి అయిదయింది. ఎలోయిస్‌ని దింపి, కర్ర అందించి, గుమ్మం దాటించాక బెర్నడెట్ పెరట్లోకి వెళ్ళి నిలబడింది. పక్కిల్లు అరవై అడుగుల అవతల ఉంది. కంచె వెనక నీళ్ళు చిమ్మే గొట్టం టిక్ టిక్‌మంటూ తిరుగుతోంది. అయిదేళ్ళయినా ఆ ఇంటివాళ్ళ పేరు ఆమెకి తెలియదు. కనుక్కోవడానికి ఒక్క సాయంత్రం కూడా ఖాళీ దొరకలేదు.

యెవెట్ రెండో రింగుకే ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో ఎవరినో కేకలేస్తున్న చప్పుడు.

"నా పేరు పంపించు," అంది బెర్నడెట్.

"నిజంగా? టెస్?"

"రానంది. సెలవులకి వస్తుంది."

యెవెట్ మెల్లిగా, "కర్టిస్‌ని అడిగావా? ఏమన్నాడు?" అంది.

ముందు వైపు ఏదో కారు వచ్చి ఆగిన చప్పుడైంది. ఎవరో కర్టిస్‌ని దింపి వెళ్తున్నారు. అతని అడుగులు ఇంట్లోంచి వంటింటి దాకా వచ్చాయి. "బెర్నీ, తినడానికేమైనా ఉందా? అక్కడ సరిగ్గా తినలేకపోయాను" అన్న కేక కిటికీలోంచి వినపడింది.

"అడగడం లేదు యెవెట్," అంది బెర్నడెట్. "లోపలికి వెళ్ళి చెప్తాను."